ఆర్డర్ ఇస్తే సరిపోదు, బిల్లూ అందాలి

స్థానిక పరిశ్రమలు నిలబడాలంటే సబ్సిడీలు పెంచాలని ఒక వ్యాసంలో చదివాను. సబ్సిడీ అక్కర్లేదని నేను అనను. కానీ సిరిసిల్ల మరమగ్గాలను నిలబెట్టింది ముఖ్యంగా ప్రభుత్వ ఆర్డరే. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ మొదలయ్యాక సాంచెలకు (మరమగ్గాలకు) నెలల తరబడి పని దొరికింది. సాంచెలు నడిపే ఆసాములకే కాదు, మగ్గానికి పడుగు సిద్ధం చేసే వార్పిన్, వైపని కార్మికులకూ (వీళ్ల గురించి ఎవరూ రాయరు) కూలి గిట్టింది. 2024లో ఆ చీరల పని ఆగేసరికి ఎన్నో సాంచెలు మూగబోయాయి, కుటుంబాలు ఎంత టెన్షన్ పడ్డాయో అందరూ చూశారు. తర్వాత మహిళా సంఘాల సభ్యులకిచ్చే చీరల ఆర్డర్ వచ్చాకే కాస్త తెరిపిన పడ్డారు.

ఇంకో మాట. చిన్న యూనిట్‌కు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని, ఆలస్యమైతే వడ్డీ కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టమే చెబుతోంది. బిల్లు ఆగితే ఆసామి నూలు కోసం అప్పు చేయాల్సిందే, సబ్సిడీగా వచ్చింది ఆ వడ్డీకే పోతుంది. అందుకే పని ఆగకుండా ప్రభుత్వ స్కూల్ యూనిఫాం బట్ట ఆర్డర్లను ఏడాది పొడవునా సర్ది ఇవ్వాలి. ఏ బిల్లు ఎన్ని రోజులుగా ఆగిందో జిల్లా అధికారులు ప్రతి నెలా బయటపెట్టాలి.