మహారాజశ్రీ సెన్సెక్సు గారి సముఖానికి

తిరుపతి గాంధీ రోడ్డులో పాత్రల అంగడి పెట్టుకుని బతుకుతున్న ఒక చిన్న మదుపరి నమస్కరించి రాసుకునేది. ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాయడం మా ఇంటి అలవాటు. ఈసారి పెన్ను అక్కడే ఆగింది. కుశలం తమరి వైపే ఉంది, ఉభయం కుదరడం లేదు.

మా అమ్మకి తమరంటే భలే గౌరవం. కంపెనీల పేర్లు తెలియవు గానీ, సాయంత్రం నేను అంగడి మూసి ఇంటికి రాగానే ముఖంలోకి చూసి, "ఏం నాయనా, ఈపొద్దు ఆయప్ప లేచినాడా, పడినాడా?" అని అడుగుతుంది. ఆయప్ప అంటే తమరే, బొంబాయి షేర్ల బజారు లేచిందో పడిందో ఒక్క అంకెలో చెప్పే సూచీ. జ్వరం వచ్చిన మనిషిని పరామర్శించినట్టు అడుగుతుంది. పడేది తమరేనని చాలాకాలం నేనూ నమ్మాను.

తమరి జాతకం తిరగేశాను. ముప్పై కంపెనీలను వెంటబెట్టుకుని 1986 జనవరిలో పుట్టారు, కాకపోతే 1978-79ని 100 అనుకుని లెక్క మొదలుపెట్టారు. 1992 ఏప్రిల్‌లో, షేర్ల బ్రోకరు హర్షద్ మెహతా బ్యాంకుల డబ్బుతో ఆడిన ఆట బయటపడ్డాక, ఒక్కరోజులో 570 పాయింట్లు పడ్డారు. ఇప్పుడైతే అది కాఫీ తాగే లోపు జరిగే పని, అప్పట్లో 12 శాతం పైమాట. 2020 మార్చి 23న, కరోనా భయానికి, 3,935 పాయింట్లు. ఆ రోజు 10 శాతం పడగానే రూలు ప్రకారం 45 నిమిషాలు బజారు ఆపేశారు, తమరు ఊపిరి తీసుకోవాలని. ఊపిరి తీసుకుని మళ్లీ పడ్డారు, అది వేరే సంగతి. ఏడాది తిరక్కుండానే 50 వేలు దాటారు కూడా. టీవీలో కోటు వేసుకున్నాయన "ఓపిక పట్టినవాడిదే లాభం" అన్నాడు. నేను అంగట్లో గరిటెలు తుడుస్తూ తలూపాను.

ఆ తలూపుడు ఖరీదు లక్షా నలభై వేలు. అమ్మ పాడుకున్న చీటీ డబ్బు, మేడ మీద రేకులు మార్చడానికి దాచింది. 2024 జూన్ 3, సోమవారం, ఎగ్జిట్ పోల్స్ చూసి తమరు 2,507 పాయింట్లు ఎగిరారు. ఎగిరేవారి కాళ్లు పట్టుకుందామని నేను కాల్ ఆప్షన్లు కొన్నాను. (తెలియనివాళ్లకి: పెరుగుతుందని కాసే పందానికి ముందే కట్టే బయానా అది. పెరగకపోతే బయానా గోవిందా.) మర్నాడు ఓట్ల లెక్కింపు. బయట టపాకాయలు, కొట్లో నేను, ఫోన్లో ఎరుపు. 4,390 పాయింట్లు పడ్డారు. ఆ వారం మా జిల్లాలో పుట్టిన హెరిటేజ్ పాల కంపెనీ షేరు మాత్రం వరసగా అప్పర్ సర్క్యూట్లు (ఒక రోజులో పెరగనిచ్చే ఆఖరి హద్దు) కొట్టింది. పొద్దున్నే ఆ పాలతోనే కాఫీ తాగేవాణ్ని, షేరు కొనాలని మాత్రం తోచలేదు.

ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్ల పందేలు) ఆడిన చిల్లర మదుపరుల్లో 2021-22 నుంచి మూడేళ్లలో 93 శాతం మంది పోగొట్టుకున్నారని, అంతా కలిపి 1.8 లక్షల కోట్లు దాటిందని షేర్ల బజారుకి కాపలా ఉండే సెబీ తేల్చింది. ఆ లెక్క సెప్టెంబరులో వచ్చింది. నా డబ్బు జూన్‌లోనే వెళ్లిపోయింది. వాన వస్తే ఆ రేకుల కింద ఇప్పటికీ బిందె పెడుతున్నాం. బిందె మాత్రం మంచి బరువైనది, అంగట్లోదే.

మా ఊళ్లో అందరికంటే పెద్ద మదుపరి కొండ మీద ఉన్నాడు. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకి యుగాలుగా వడ్డీ కడుతున్నవాడికి రిస్కు అంటే ఏంటో తెలియదా? 2022లో దేవస్థానం ప్రకటించిన లెక్కల్లో బ్యాంకు డిపాజిట్లు 15,938 కోట్లు, బంగారం పది టన్నుల పైన. ఆయన పేర షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా కూడా ఉంది, 2015లో తెరిచారు. అయితే అది భక్తులు సమర్పించుకునే షేర్లు పుచ్చుకోవడానికి. వడ్డికాసులవాడు ఇచ్చిపుచ్చుకోవడాల్లో రెండోదే ఎంచుకున్నాడు.

సరే, ఆప్షన్లు ఆడటం నా తెలివితక్కువ. కానీ తమరి పేరు కూడా విననివాళ్లకీ ఆ దెబ్బ తగులుతుంది కదా. 2008 మొదట్లో 21 వేల మీద కూర్చున్నవారు అక్టోబరులో ఒకరోజు 8 వేల కిందకి జారారు. అమెరికాలో లేమన్ అనే బ్యాంకు మునిగితే మా వీధిలో ఇద్దరు ఇంజినీరింగ్ పిల్లలకి ఆఫర్ లెటర్ వచ్చి, చేరే తేదీ రాలేదు. బ్యాంకులు అప్పివ్వడానికి జంకాయి. ఆ ఏడు పెళ్లి సారెకి ఇత్తడి బిందెలు అడిగి, బేరం మధ్యలో స్టీలుకి దిగినవాళ్లని నేను లెక్కపెట్టలేదు గానీ, ఇత్తడి సరుకు రెండేళ్లు అటక దిగలేదు.

తమరు మాత్రం లేచారు. ఎలా లేస్తారబ్బా ప్రతిసారీ అని ఆరా తీస్తే అసలు గుట్టు అప్పుడు తెలిసింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, కంపెనీ లెక్కలన్నీ కట్టుకథ అని ఉత్తరం రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40. తమరేం చేశారు? సత్యాన్ని ముప్పై మందిలోంచి దించేసి, ఆ పీట మీద సన్ ఫార్మాను కూర్చోబెట్టారు. అంబాసిడర్ కారు చేసిన హిందుస్థాన్ మోటార్స్ మొదటి బంతిలో తమరి పక్కన కూర్చున్నదే, ఇప్పుడు విస్తరి ఎక్కడుందో! వాడినవాణ్ని లేపి, పచ్చగా ఉన్నవాణ్ని కూర్చోబెడితే బంతి ఎప్పుడూ కళకళలాడదా స్వామీ? ఓపిక ఓపిక అని మాకు చెప్పే తమరు ఎవరి మీదైనా ఓపిక పట్టారా?

మా బావమరిది బంగారుపాళెం దగ్గర తోతాపురి మామిడి తోట చేస్తాడు. 2025లో ధర పడిపోయి, పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. ఫ్యాక్టరీ 8, సర్కారు 4 కలిపి కిలోకి 12 రూపాయలన్నారు. కొందరు రోడ్డు మీద పారబోసి ఇంటికెళ్లారు. అక్కడ ఎవరూ బెల్లు కొట్టి 45 నిమిషాలు ఆపలేదు, ఎండలో కాయ ఆగదు కూడా. తమరిలాగా పీట మారుద్దామంటే, చెట్టు కొట్టి ఇంకోటి నాటితే కాపుకి నాలుగైదేళ్లు. ఈ మాట వాడితో అంటే, "మీ ఆయప్ప తోటలో రాత్రికి రాత్రే కాస్తుందేమో బావా" అన్నాడు.

అందుకే ఈ ఉత్తరం. నా దగ్గర ఒక ఇన్‌ఫ్రా కంపెనీ షేర్లు నాలుగు వందలున్నాయి. 118 రూపాయలకు కొన్నాను, ఇవాళ 3 రూపాయల 40 పైసలు, అమ్ముదామంటే కొనేవాడు లేడు. దాన్ని ముప్పైలో కలుపుకోమని అడిగేంత అత్యాశ లేదు. తమరు బంతిలోంచి లేపేసినవాళ్లంతా ఎక్కడుంటారో ఆ అడ్రసు ఒక్కటి ఇప్పించండి. నా నాలుగు వందలని వాళ్ల దగ్గర దించి వస్తాను. వానాకాలం లోపల అయితే మేలు.

ఇట్లు,
తమరి విధేయుడు, పాత్రల అంగడి, తిరుపతి