గీత కదలదు, అంకె ఆగదు

డ్రాఫ్టింగ్ రంగంలో, అంటే ఇళ్ళ ప్లాన్లు కంప్యూటర్‌లో గీసే పనిలో, కొందరు మహిమాన్వితులు ఉన్నారు. గోడను ముట్టుకోకుండా గోడను పొడిగించగలరు. గీత పక్కన కొలత చూపించే డైమెన్షన్ మీద డబుల్ క్లిక్ చేస్తారు, 3000 (అన్నీ మిల్లీమీటర్లే) చెరిపి 3200 కొడతారు, పక్కన ఎక్కడో ఒక క్లిక్. గది పెద్దదైపోయింది. ఎత్తు పెరగాలని టేపు మీద అంకెలు దిద్దుకునేవాణ్ణి చూస్తే నవ్వుతాం. వీళ్ళకు మాత్రం నెలనెలా జీతాలిస్తున్నాం.

ఈ విద్యను తేలిగ్గా తీసుకోకూడదు. చాలా సాధన కావాలి.

పడకగది వెడల్పు 3000 నుంచి 3200 చేయమని కబురొచ్చింది అనుకుందాం. గీతల్ని సాగదీసే స్ట్రెచ్ కమాండ్ ఇచ్చి, వాటి మీదుగా కుడి నుంచి ఎడమకు విండో లాగి, 200 కొడితే గోడా తలుపూ కలిసి జరుగుతాయి. డైమెన్షన్లు గీతకు ముడిపడి, అంటే అసోసియేటివ్‌గా ఉంటే వాటంతట అవే మారతాయి. అంత పామరమైన పని మనవాడు చేయడు. అంకె కొట్టాడు. కింది వరుసలో ఇప్పుడు 3200, 1500, 4200, వాటితో పాటు నాలుగు 200 గోడలు. మొత్తం 9700 రావాలి. పై వరుస మొండిగా 9500 అంటోంది. దాన్నీ దిద్దాడు. రెండు పక్కలా వదిలిన ఖాళీ 1500 చొప్పున కలిపితే 12700 అయింది, స్థలం చూస్తే 12500. స్థలం వెడల్పు దస్తావేజులో ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు. మనవాడికీ కొన్ని విలువలున్నాయి. ఎడమ పక్క ఖాళీని 1300 చేశాడు. తర్వాత స్తంభాల మధ్య దూరం. తర్వాత ఇంటిని నిలువుగా కోసి చూపే సెక్షన్. సెక్షన్ మారాక, బయటి ముఖం చూపే ఎలివేషన్ ఊరుకుంటుందా? సాయంత్రానికి ఇల్లంతా కొత్త కొలతలతో కళకళలాడుతోంది. ఒక్క గీత ఒక్క మిల్లీమీటరు కదిలితే ఒట్టు.

గది పొడవు 4000. ఏరియా కమాండ్ కొడితే 12 చదరపు మీటర్లు అని వస్తుంది, 12.8 అని కాదు. అప్పుడు ఈ మహానుభావుడు అనే మాట: 'సాఫ్ట్‌వేర్‌లో ఏదో ప్రాబ్లం ఉంది సార్.'

ఆ సాఫ్ట్‌వేర్, ఆటోక్యాడ్, పాపం చివరిదాకా మర్యాదగానే ఉంటుంది. కొలత దగ్గర సొంత మాట రాసుకునే టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడిలో <> అనే బ్రాకెట్ల జంట ఉన్నంతకాలం అసలు కొలత అక్కడే బతికి ఉంటుంది. దాని ముందు '2 చోట్ల' అని రాసుకోండి, వెనక 'టిపికల్' (ఇలాంటి చోట్లన్నీ ఇంతే) అని తగిలించుకోండి, ఎవరూ కాదనరు. గీత జరిగితే అంకె కూడా వెంట నడుస్తుంది. ఆ జంటను తీసేసి సొంత అంకె పెట్టారా, గీతకూ దానికీ చుట్టరికం తెగిపోయినట్టే. ప్రాపర్టీస్ తెరిస్తే మెజర్‌మెంట్ గడిలో 3000, ఓవర్‌రైడ్ గడిలో 3200 ఒకే చోట కనిపిస్తాయి. ఎవరు తెరుస్తారు? ప్రింట్ మీద ఏ మచ్చా ఉండదు. (డైమెన్షన్లను ఎక్స్‌ప్లోడ్ చేసి, అంటే విడి గీతలుగా, అక్షరాలుగా పగలగొట్టి మరీ పంపేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి రాయడానికి నాకు ఓపిక లేదు.)

రెవిట్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, కాస్త నిక్కచ్చి మనిషి. కొలత స్థానంలో అంకె కొట్టబోతే ఒప్పుకోదు, అంకె కాకుండా వివరణ ఏదైనా రాయమంటుంది. దానికీ మందు కనిపెట్టారు మనవాళ్ళు. అంకె పక్కన కంటికి కనిపించని అక్షరం ఒకటి అతికిస్తే రెవిట్ దాన్ని మాటల కింద జమకట్టి ఊరుకుంటుంది. గోడ జరపడానికి తీరిక లేనివాడికి కనిపించని అక్షరం వెతకడానికి తీరిక ఎక్కడిదో!

చేత్తో గీసే రోజుల్లో ఈ పనికి ఒక సాకైనా ఉండేది. ట్రేసింగ్ కాగితం మీది బొమ్మంతా మళ్ళీ గీయలేక అంకె ఒక్కటే మార్చేవారు. మార్చినా, అంకె కింద ఒక గీత కొట్టేవారు. ఇది స్కేలుకు లేదు, జాగ్రత్త అని దానర్థం. డ్రాయింగ్‌లో కొలతలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 129లో ఆ పద్ధతి ఉంది. అబద్ధానికి కూడా ఒక పద్ధతి పెట్టుకున్న మనుషులు వాళ్ళు.

ఇక అసలు సంగతి. ప్రతి షీటు మూలన మనమే రాస్తాం, డ్రాయింగ్‌ను స్కేలు పెట్టి కొలవొద్దు, రాసిన కొలతలే పాటించాలి అని. మేస్త్రి అదే చేశాడు, 3200కి గోడలు లేపాడు. వాటి మధ్య పెట్టాల్సిన స్టీలు ఫ్రేము కోయడానికి అదే డ్రాయింగ్ డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా వెళ్ళింది. కోసే మెషిన్ డైమెన్షన్ చదవదు, గీత వెంటే పోతుంది. 3000కి కోసింది. ఇద్దరూ చెప్పిన మాట విన్నవాళ్ళే. రెండూ సైటులో ఎదురుపడ్డాయి, మధ్యలో 200 మిల్లీమీటర్ల సందు. అప్పుడు ఎవణ్ణి నిలదీస్తారు? కుర్చీలో కూర్చుని డబుల్ క్లిక్ చేసినవాణ్ణా? కాదు, ఎండలో నిలబడ్డవాణ్ణి. టేపు పట్టుకోవడం కూడా రాదా అని పదిమందిలో అడుగుతారు. కట్టిన గోడ అతనితోనే పగలగొట్టిస్తారు, పగలగొట్టినందుకు కూలి ఇవ్వరు సరికదా, కట్టినదాంట్లోనూ కోస్తారు. మీరిచ్చిన కాగితం మీది అంకెను నమ్మడమేనా అతని నేరం? ఆ అంకె కొట్టినవాడికి కొంచెమైనా సిగ్గుండక్కర్లేదా? ఒక మనిషి ఒళ్ళు హూనం చేసుకుని కట్టిన గోడ అది!

ఓవర్‌రైడ్ చేసిన డైమెన్షన్లన్నీ ఏరి చూపించడానికి ఆటోక్యాడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం, నాలుగు ముక్కల లిస్ప్ రాస్తే చాలు. ప్రింట్ ఇచ్చేముందు అది నడపండి. దొరికిన ప్రతి అంకెకూ ఎవరు కొట్టారో కనుక్కోండి. సైటుకు డ్రాయింగ్ ఇచ్చి ఆ మనిషినే పంపండి. గోడ పగిలే రోజున సుత్తి కూడా అతనికే ఇవ్వండి.