అమ్మమ్మ దాచిన చీటీ

డిసెంబరులో హైదరాబాదు రవీంద్రభారతిలో జరిగిన మన అమెరికా తెలుగువారి సంఘం ఉత్సవానికి వచ్చినవారందరూ ఆ మాట విన్నారు. యువతకు సన్మానం ముగిసింది. శాలువాలు కప్పించుకున్న పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. మా అమ్మాయి అమెరికా సైన్యంలో చేరబోయి వైద్య పరీక్షలో ఉబ్బసం వల్ల ఆగిపోయిందని ఎవరో వేదిక మీది పెద్దాయన చెవిన వేశారు. ఆయన మైకులోనే నన్ను అడిగారు: “హైదరాబాదులో వాడిన మందు సంగతి వాళ్ళకెలా తెలుస్తుందమ్మా? అదంతా ఎందుకు రాయించావు?” సభ చప్పట్లు కొట్టింది. మూడో వరుసలో నా పక్కన కూర్చున్న నా కూతురు తల దించుకుంది. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ మందు సంగతి చెబుతాను. 2023 జూన్‌లో మేము చిక్కడపల్లిలో మా అమ్మ దగ్గర ఉన్నాం. పిల్లకు అప్పుడు 16 ఏళ్ళు. వచ్చిన వారానికే రాత్రుళ్ళు ఆయాసం, గొంతులో పిల్లికూతలు. వీధి చివరి డాక్టరుగారు ఇన్‌హేలర్ రాసిచ్చారు. ఉబ్బసానికని బత్తిని కుటుంబం ఏటా ఇచ్చే చేప మందు పంపిణీ కరోనాతో మూడేళ్ళు ఆగి, ఆ మృగశిర కార్తెకే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మళ్ళీ మొదలైంది. వెళ్ళి తీరాలని మా అమ్మ పట్టుబట్టింది. తెల్లవారకముందే వరుసలో నిలబడ్డాం. బత్తినివారు పసుపుపచ్చని మందు ముద్ద పెట్టి ఇచ్చిన కొరమీను పిల్లను నా కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని మింగింది. ఆ మందు గుణాన్ని వైద్యశాస్త్రం ఒప్పుకోదు, నేనూ వాదించను. కానీ మనవరాలి వీపు నిమురుతూ గంటల తరబడి నిలబడిన 74 ఏళ్ళ మా అమ్మను తప్పుపట్టడం నా వల్ల కాదు.

మా అమ్మకు ఇంకో అలవాటుంది. డాక్టరు చీటీ, మందుల దుకాణం బిల్లు, ఎక్స్‌రే కవరు, ఏదీ పారేయదు. తేదీ వేసి బిస్కెట్ల డబ్బాలో పెడుతుంది. మన ఇళ్ళలో వైద్య చరిత్ర అంటే ఆ డబ్బాయే. అది పోతే జబ్బు కూడా రానట్టే లెక్క.

అమెరికాలో సైన్యంలో చేరేవారికి మెప్స్ అనే కేంద్రంలో వైద్య పరీక్ష జరుగుతుంది. 13వ పుట్టినరోజు తర్వాత ఉబ్బసం వచ్చినట్టు తేలితే అది అనర్హతే. అయితే కథ అక్కడితో ముగియదు. మెప్స్ డాక్టరు అనర్హత అని రాస్తారు. మినహాయింపు, అంటే వేవర్, ఇచ్చే అధికారం చేరదలచిన దళానిది. ఆర్మీ, వైమానిక దళం, నౌకాదళం వేటికవే నిర్ణయం తీసుకుంటాయి. ఒక దళం కాదన్నవారిని మరో దళం తీసుకోవచ్చు.

మన పెద్దలకు ఇది కొత్తగా తోచడంలో వింత లేదు. భారత సైన్యంలో అధికారి ఎంపికకు వెళ్ళిన మా అన్నయ్యను నిలబడితే మోకాళ్ళు రాసుకుంటున్నాయని తిప్పి పంపారు. అక్కడ అప్పీల్ మెడికల్ బోర్డుకు వెళ్ళవచ్చు. కానీ అప్పీలు అంటే ‘నాకు ఆ లోపం లేదు, మళ్ళీ చూడండి’ అనడం. వేవర్ అడగడం అంటే ‘ఆ లోపం ఉంది, అయినా పనికొస్తాను, చూడండి’ అనడం. లోపం ఉందంటే దారి మూసుకుపోయినట్టే అని పెరిగిన తరానికి, దాచడం ఒక్కటే ఉపాయంగా కనిపించింది. ఆ భయం నాకు తెలుసు.

పెద్దాయన అన్నదాంట్లో నిజమూ ఉంది. 2022 నుంచి మెప్స్‌లో వాడుతున్న జెనెసిస్ వ్యవస్థ అమెరికా ఆస్పత్రుల రికార్డులను బయటికి లాగుతుంది గానీ, చిక్కడపల్లి డబ్బాను తెరవలేదు. కానీ ప్రాథమిక శిక్షణలో పిల్లలను టియర్ గ్యాస్ నింపిన గదిలోకి పంపి ముసుగు తీయిస్తారు. అక్కడ నా కూతురికి ఊపిరి బిగుసుకుపోతే ఆ చప్పట్లు కొట్టినవారిలో ఎవరు పక్కన ఉంటారు? తెలిసి దాచి చేరడం సైనిక న్యాయస్మృతి 104-ఎ అధికరణం కింద నేరం కూడా.

ఉబ్బసం వచ్చిందా అని అడిగే ఫారంలో ‘అవును’ అని రాసింది మా అమ్మాయే, నేను రాయించలేదు. అమ్మమ్మ దాచిన చీటీని ఫోనులో తెప్పించుకుంది. ఊపిరితిత్తుల పరీక్షలు చేయించుకుంది. మెథాకోలిన్ అనే మందు పీల్పించి శ్వాసనాళాలు ముడుచుకుంటాయేమో చూసే పరీక్షకూ కూర్చుంది. మొదట అడిగిన దళం కాదంది. రెండో దళం జవాబు కోసం ఎదురుచూస్తున్నాం.

కార్యవర్గాన్ని చేతులు జోడించి అడుగుతున్నాను. ఉగాది సభలో ఒక గంట, సైన్యంలో పనిచేసిన మన పిల్లలకు ఇవ్వండి. ఏ కాగితాలు కావాలో, ఎవరికి పంపాలో వారి నోట చెప్పించండి. వేసవికి హైదరాబాదు వెళ్ళే కుటుంబాలకు చీటీలు భద్రపరచమని ఒక మాట చెప్పండి. మాకు శాలువా వద్దు. ఆ పెద్దాయన అదే మైకులో, “నిజం రాసి మంచి పని చేశావు తల్లీ” అని మా అమ్మాయితో అనాలి. ఆమె ఉగాదికి వస్తుంది. మళ్ళీ మూడో వరుసలోనే కూర్చుంటుంది.