ఎడం చక్రం దగ్గర కాపురముంటున్న టకటక గారికి

మహారాజశ్రీ టకటక గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం రివాజు గానీ, కుశలంగా ఉన్నది తమరొక్కరే.

తమరు మా 2006 మోడల్ కారులోకి వేంచేసి నాలుగు నెలలు. అరసవల్లి వెళ్లి వస్తూ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో స్టీరింగ్ తిప్పగానే 'టక్ టక్ టక్' అని తొలిపలుకు పలికారు. వెనక సీట్లో ప్రసాదం డబ్బా అనుకున్నాం. మా ఆవిడ డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుంది. తమరు ఆగలేదు. నేను పాటల సౌండ్ పెంచాను. రెండు నెలలు అదే వైద్యం.

తరవాత నిపుణులు దిగారు. మా మావగారు ముప్పై ఏళ్లు అంబాసిడర్ తోలిన మనిషి. కారు కింద చూడకుండానే "క్రాస్ పోయింది బాబూ" అని తేల్చేశారు. అంబాసిడర్‌కి ఇంజన్ ముందు, తోసే చక్రాలు వెనక. మధ్యలో ఇంజన్ బలాన్ని వెనక్కి చేర్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్, దానికి కీళ్లలాంటి క్రాసులు. నా బండిని లాగేవి ముందు చక్రాలే, కింద ఆ షాఫ్టే లేదు. లేనిది ఎలా పోతుందని అడగాలనిపించింది. ఆయనకి ఎదురు చెప్పే ధైర్యం నాకు పెళ్లినాడే పోయింది.

బావమరిది గేర్‌బాక్స్ అన్నాడు. అదే అయితే గేరు మార్చినప్పుడో క్లచ్ తొక్కినప్పుడో స్వరం మారాలి కదా. తమరు ఏ గేరులోనైనా అదే రాగం. పక్కింటివాళ్లు దిష్టన్నారు, నిమ్మకాయలు తొక్కించాం. అన్ని సలహాల్లోకీ అదే చవక.

ఇక మెకానిక్. బండిని జాకీ మీద లేపి, గేరులో పెట్టి చక్రం తిప్పుతూ, పొడవాటి స్క్రూడ్రైవర్ కొస కింద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ భక్తి చూసి నాకు గురి కుదిరింది. "హబ్ బేరింగ్ సార్, చక్రం మధ్యలో ఉండేది." 2,800 రూపాయలు. మార్చాక ఎచ్చెర్ల వైపు హైవే మీద ఎనభైలో తోలి చూపించాడు. తమరు కిమ్మనలేదు. డబ్బులిచ్చి, షెడ్డు ముందు బండి వెనక్కి తిప్పుకున్నానో లేదో, టక్.

తమరు నటిస్తున్నారని ఆ రోజు తిట్టాను. క్షమించాలి. బేరింగ్ పోతే తిన్నటి రోడ్డు మీదే 'ఊఁ' అని మూలుగుతుంది, స్పీడుతో పాటు మూలుగూ పెరుగుతుంది. తమరిది మూలుగు కాదు, తలుపు తట్టడం. అదీ మలుపులోనే. నాలుగు నెలలుగా తమరు చెప్పింది ఆ ఒక్క మాటే. మేమే తమర్ని తిన్నటి హైవే మీదికి తీసుకెళ్లి, ఇప్పుడు మాట్లాడండి అన్నాం.

చివరికి ఆమదాలవలస రోడ్డులో ఓ ముసలి మెకానిక్ దొరికాడు. చెవి పెట్టలేదు, స్క్రూడ్రైవర్ తియ్యలేదు. "ఖాళీ జాగాలో స్టీరింగ్ ఓ పక్కకి పూర్తిగా కోసి, నెమ్మదిగా గుండ్రంగా తిప్పు బాబూ" అన్నాడు. ఒక చుట్టు కుడికి, ఒకటి ఎడమకి. తమరు గొంతెత్తి పాడారు. తరవాత ఎడం చక్రం లోపలివైపు వేలుతో రాసి చూపించాడు. నల్లగా గ్రీజు. చక్రాన్ని తిప్పే యాక్సిల్ కొస జాయింట్‌కి తొడిగే రబ్బరు బూటు చిరిగి, గ్రీజు బయటికి చిమ్మి, ఇసుక లోపలికి పోయింది. లోపల 6 స్టీలు గుండ్లు ఒరుసుకుని గాడులు పడ్డాయి. మొదట్లోనే బూటు మార్చి గ్రీజు నింపితే జాయింట్ బతికేదట.

ఆ మధ్య పంచరుకి చక్రం విప్పినప్పుడు అదే గ్రీజు నా చేతికీ అంటింది. లుంగీకి తుడుచుకున్నాను. ఆ మరక ఇంకా ఉంది.

కొత్త జాయింట్ వేశాడు. నాలుగు చుట్లు తిప్పినా చప్పుడు లేదు. పాతది కాగితంలో చుట్టి "నీదే, తీసుకుపో" అని డిక్కీలో పడేశాడు. ఇంటికొస్తూ ఏడు రోడ్ల జంక్షన్‌లో స్టీరింగ్ తిప్పాను. టక్. మా ఆవిడ నా వంక చూసింది. డిక్కీలో దొర్లుతున్నది తమరే.

పాత ఇనప సామాన్లవాడికి అప్పగిద్దామనుకున్నాను. ఈలోగా మావగారు ఫోన్ చేశారు. ఆదివారం వస్తున్నారు, పోయిన క్రాస్ కళ్లారా చూస్తారట. అంతవరకూ డిక్కీలోనే ఉండండి. ఆయన చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం, తమకి పుణ్యముంటుంది, అసలు పేరు చెప్పకండి.

ఇట్లు
తమ ఓనరు