ఆయాసాన్ని వయసు మీదకు నెట్టొద్దు

నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కాస్త నడిస్తే ఛాతీ పట్టేసినట్టుండటం, ఒక్కోసారి కళ్లు తిరిగి పడిపోవడం... డెబ్బై దాటినవారు ఈ బాధలు చెప్పుకుంటే అనంతపురం పల్లెల్లో తరచూ వచ్చే జవాబు ‘వయసైపోయింది కదా, మామూలే’ అని. అది మామూలు కాదు. గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం వెళ్లే దారిలో తలుపులా ఉండే అయోర్టిక్ వాల్వ్ (కవాటం) క్యాల్షియం పేరుకుని బిగుసుకుపోతే కనిపించే లక్షణాలివే. జబ్బు ముదిరి ఇవి మొదలయ్యాక వాల్వ్ మార్చకుండా మందులతో నెట్టుకొస్తే దాదాపు సగం మంది రెండేళ్లు దాటరు.

ఛాతీ కోసే ఆపరేషన్‌ను తట్టుకోలేనివారికి ఒకప్పుడు దారే లేదు. 2002లో ఫ్రాన్స్‌లో డాక్టర్ అలన్ క్రిబియే ఛాతీ కోయకుండానే వాల్వ్ మార్చి (ఈ పద్ధతినే టావీ అంటారు) ఆ దారి తెరిచారు. ఇప్పుడు ఎక్కువగా గజ్జలోని రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండెదాకా పంపుతారు. ఆవు లేదా పంది గుండె పొరతో కుట్టి, లోహపు వలలో అమర్చిన వాల్వ్ ముడుచుకుని దాని కొసన ఉంటుంది. బెలూన్‌తో విప్పే రకమైతే, ఆ కొన్ని క్షణాలు గుండెను కావాలనే విపరీతమైన వేగంతో కొట్టుకునేలా చేస్తారు, రక్తం తోపుకు వాల్వ్ జారిపోకుండా. పాతదాన్ని పక్కకు నొక్కేసి కొత్తది అక్కడే విచ్చుకుంటుంది. చాలామంది మర్నాడే లేచి నడుస్తారు.

ఇందులోనూ పక్షవాతం వంటి ప్రమాదాలున్నాయి, కొందరికి పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. ఎవరికి ఏది మేలో స్కాన్ చూసి కార్డియాలజిస్టు, సర్జన్ కలిసి తేల్చాలి. ఆ మాటదాకా వెళ్లనివ్వనిది ఖర్చు. వాల్వ్ ఒక్కటే లక్షల్లో ఉంటే వేరుశనగ రైతు ఎక్కడ తేగలడు? 2017లో స్టెంట్లకు గరిష్ఠ ధర కట్టిన కేంద్రం ఈ వాల్వులకూ కట్టాలి. ఇలాంటివి మన దేశంలోనే తయారవుతున్నాయి కూడా. డెబ్బై దాటినవారికి 2024లో ఇచ్చిన ఆయుష్మాన్ కార్డు, రాష్ట్ర ఆరోగ్య పథకం కలిసి పూర్తి ఖర్చు భరించాలి. పుట్టపర్తిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా జరుగుతున్న ప్రాంతం మనది. కాబట్టి ఇది కాని పని అంటే మేం ఒప్పుకోం.

అంతకన్నా ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఆయాసమంటూ వచ్చిన ప్రతి పెద్దాయన, పెద్దమ్మ ఛాతీ మీద పీహెచ్‌సీ డాక్టరు స్టెతస్కోప్ పెట్టి నిదానంగా వినాలి. మర్మర్ (గుండె చప్పుడులో అదనపు శబ్దం) వినిపిస్తే బలం మాత్రలిచ్చి ఇంటికి పంపకుండా, జిల్లా ఆసుపత్రిలో ఎకో పరీక్షకు తేదీ రాసివ్వాలి.