ఫైలులో ‘నానా’, బయట నానా తిప్పలు

మానసిక జబ్బు పేరుతో సైన్యం ఇంటికి పంపిన జవాను మెడికల్ బోర్డు కాగితాలు ఎప్పుడైనా చూశారా? జబ్బు పేరు, శాతం, డాక్టర్ల సంతకాలు అన్నీ ఉంటాయి. వాటి మధ్య తీర్పులాంటి ఒక మాట ఉంటుంది. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని దాని అర్థం. ఆ ఇంగ్లిషు వాక్యాన్ని పొడి అక్షరాల్లో ‘నానా’ అంటారు. తెలుగులో నానా అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆ మాట పడిందా, వైకల్యానికి ఇచ్చే డిజెబిలిటీ పెన్షన్ గల్లంతే.

కారణం రాయాల్సిన చోట కూడా చాలా ఫైళ్లలో ఒకే మాట కనిపిస్తుంది: ‘కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్’. పుట్టుకతో ఉన్న శరీర తత్వం వల్ల వచ్చిన జబ్బు అని డాక్టరు ఉద్దేశం. కడపలో ఒక టీ బంకు దగ్గర, బోర్డు ఔట్ అయి, అంటే మెడికల్ బోర్డు పనికిరాడంటే ఇంటికి వచ్చిన నాయక్ ర్యాంకు మాజీ జవాను ఒకాయన ఆ కాగితం నా చేతిలో పెట్టి, “సార్, నా జబ్బుకీ రాజ్యాంగానికీ ఏం సంబంధం?” అని అడిగాడు. నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రశ్న వేయాల్సింది ఆయన కాదు, ఆయన తరఫున మనం అనిపించింది. కారణం చెప్పకుండా ఒక మనిషి హక్కును ఒక్క మాటతో కొట్టేయడం ఏ రాజ్యాంగానికి ఒప్పుతుంది?

చట్టం ఏం చెబుతోందో క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. ఈ పెన్షన్ రావాలంటే వైకల్యం 20 శాతమైనా ఉండాలి, దానికి సర్వీసుతో సంబంధం ఉండాలి. రుజువు చేసుకునే భారం జవాను మీద లేదని 1982 నాటి పెన్షన్ అర్హత నిబంధనల్లో 9వది చెప్పింది. అనుమానం ఉంటే ఆ లాభం కూడా అతనికేనంది. చేరేటప్పుడు కాగితాల్లో ఏ జబ్బూ రాయలేదంటే ఆరోగ్యంగా చేరినట్టే లెక్క అని ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. అదే ఏడాది వీర్‌పాల్ సింగ్ కేసు వచ్చింది. ఆయన 1972లో చేరాడు, స్కిజోఫ్రీనియా (లేనివి ఉన్నట్టు వినిపించే, కనిపించే తీవ్రమైన మనసు జబ్బు) పేరుతో 1977లో బయటికొచ్చాడు. సైకియాట్రిస్టు అభిప్రాయాన్ని కోర్టు భూతద్దం పెట్టి చదివి, అది నిలబడదని మళ్లీ బోర్డు పెట్టమంది. అప్పటికి 36 ఏళ్లు గడిచాయి. 2025 మేలో ఇంకో స్కిజోఫ్రీనియా కేసులోనూ అదే మాట: బోర్డు అభిప్రాయానికి కారణాలు ఉండి తీరాలి.

అంటే న్యాయం ఎటుందో తేలిపోయింది. తేలనిది ఒకటే. తేలిపోయిన న్యాయం కోసం ప్రతి జవానూ మళ్లీ మొదటి నుంచి ఎందుకు కొట్లాడాలి?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది బోర్డు అడిగే ఒక ప్రశ్న. జబ్బు బయటపడినప్పుడు జవాను ఎక్కడున్నాడు? ఫీల్డులోనా, పీస్ స్టేషన్‌లోనా, అంటే పోరు లేని ప్రశాంత ప్రాంతంలోనా? సరిహద్దులోనో, మంచు కొండల మీదో, ఉగ్రవాదుల ఏరివేతలోనో ఉంటే సర్వీసుతో సంబంధం ఉందేమోనని ఆలోచిస్తారు. పీస్‌లో ఉంటే ‘నానా’. సెలవు మీద ఇంట్లో ఉండగా బయటపడితే అడిగే పనే లేదు.

అనంతపురం రైతును అడగండి, బోరు ఎప్పుడు ఎండిందప్పా అని. తారీఖుతో సహా చెబుతాడు. మోటారు నీళ్లు మానేసి గాలి తోసిన రోజు అది. కానీ భూమిలో నీళ్లు ఆ రోజే అయిపోయాయా? పదేళ్లుగా చుట్టూ పడిన బోర్లు, రాని వానలు, ఏటా దిగిపోయిన నీటి మట్టం, అన్నీ కలిస్తేనే ఆ రోజు వచ్చింది. ఆ రోజున తోటకు నీళ్లు కట్టే మనిషి ఎవరో చూసి అతని మీద నేరం మోపితే ఊళ్లో నవ్వుతారు. బోర్డు చేసేది సరిగ్గా అదే. మనసు ఎండిపోయిన తారీఖు అడుగుతుంది, ఆ తారీఖున పోస్టింగ్ ఎక్కడో చూస్తుంది, లెక్క మూసేస్తుంది.

పైగా మనిషి తీరు ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. పికెట్ మీద, అంటే కాపలా పోస్టులో ఉన్నప్పుడు మనసు బిగబట్టుకుంటుంది. పక్కన తోటివాళ్లు ఉంటారు, చేతిలో తుపాకీ ఉంటుంది, తెల్లారేదాకా కాపు కాయాల్సిన పని ఉంటుంది. కూలిపోయే తీరిక కూడా ఉండదు. పీస్‌కు వచ్చి, క్వార్టర్ దొరికి, భార్యాపిల్లలు వచ్చి చేరాక, ఒక రాత్రి ప్రెషర్ కుక్కర్ విజిల్‌కు మంచం కింద దూరతాడు. ఫైలులో ఏమని పడుతుంది? ‘పీస్ ఏరియాలో మొదలు.’ బాగా మోసినవాడికి శిక్ష ఎక్కువ పడే లెక్క ఇది. అక్కడే కూలి ఉంటే పెన్షన్ వచ్చేది. ఇంటిదాకా మోసుకొచ్చాడు కాబట్టి రాలేదు!

సైన్యానికి మనసంటే తెలియదని కూడా అనలేం. జవాను ఆరోగ్యాన్ని లెక్కగట్టే ‘షేప్’ పద్ధతిలో మొదటి అక్షరం ‘ఎస్’, అది మనసుదే. చెవులు, చేతులు, కాళ్లు, కళ్లు అన్నీ దాని తర్వాతే. వాడుకునేటప్పుడు మొదట లెక్కకొచ్చిన మనసు, పెన్షన్ ఇచ్చేటప్పుడు ఆఖరికి పోతోంది.

ఇదంతా బోర్డు దాకా వెళ్లగలిగినవాళ్ల సంగతి. అసలు బోర్డు ముఖమే చూడనివాళ్లు ఉన్నారు, నా దృష్టిలో వాళ్లకు జరిగేదే పెద్ద అన్యాయం. జబ్బు మొదట జబ్బులా కనబడదు. తాగుడులా కనబడుతుంది, ఎదురు తిరగడంలా కనబడుతుంది, సెలవు అయిపోయినా తిరిగి వెళ్లకపోవడంలా కనబడుతుంది. ఆర్మీ చట్టంలో దానికి వేరే సెక్షన్లు ఉన్నాయి, 38 పరారీకి, 39 సెలవు లేని గైరుహాజరుకు. శిక్షలు ఎర్ర సిరాతో పడతాయి. అవి నాలుగైతే పనికిరాని సైనికుడని సాగనంపడం అలవాటు. నాలుగు ఎర్ర గీతలు ఉన్నంత మాత్రాన తీసేయడానికి వీల్లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే ఆ అలవాటు ఎంత ముదిరిందో అర్థం చేసుకోవచ్చు. అలా వచ్చినవాడిని పోరుమామిళ్లలోనో ఆదోనిలోనో ఏమంటారు? “మిలిటరీ నుంచి పారిపోయొచ్చినాడు.” పేషెంటు కాస్తా దొంగ అవుతాడు.

ఇక మన వైపు తప్పు కూడా ఒప్పుకుందాం. సీమలో మనసు జబ్బుకు ఇప్పటికీ మొదటి పేరు ‘గాలి’. తాయెత్తు కట్టిస్తారు, గుడిలో నిద్ర చేయిస్తారు, దర్గాకు తీసుకెళ్తారు. నేను దాన్ని వెక్కిరించను. ఆ నిద్రల దగ్గర దొరికే ఓదార్పు ఏ వార్డులోనూ దొరకదు. కానీ అలా తిరుగుతూ గడిచిన కాలమంతా ఆస్పత్రి చీటీ ఒక్కటీ పుట్టదు. రేపు సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్ ముందు తాయెత్తు చూపిస్తే ఎవరు చూస్తారు? అంతకన్నా ముప్పు ఇంకొకటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా అని డాక్టరు అడిగితే, సాయం చేస్తున్నాననుకుని అమాయకంగా ఆ తల్లి, “వాళ్ల చిన్నాయన కూడా ఇట్లే ఉండేవాడు సామీ, వీడు చిన్నప్పటి నుంచీ భయస్తుడే” అంటుంది. అంతే, ‘కుటుంబ చరిత్ర ఉంది’ అని కాగితం మీద పడుతుంది, వంశపారంపర్యం అయిపోతుంది. భయస్తుడైన ఆ పిల్లాడే 1,600 మీటర్లు పరుగెత్తి, ఛాతీ కొలిపించుకుని, సైన్యం డాక్టరు ‘ఫిట్’ అని రాస్తేనే కదా లోపలికి వెళ్లింది?

భాష ఒక గోడ. “మనసు బాగలేదు”, “తల దిమ్ముగా ఉంది”, “గుండె దడదడమంటాది” అని మనవాడు చెప్పేది, పదో తరగతి తర్వాత బ్యారక్‌లో నేర్చిన హిందీలోకి మారి, అక్కడి నుంచి డాక్టరు ఇంగ్లిషులోకి మారి, చివరికి మూడు నాలుగు మాటలకు కుదించుకుపోతుంది. అందులో ఆ మనిషి మిగలడు.

అవతలివాళ్ల వాదన లేదనను. దొంగ క్లెయిములు ఉన్నాయంటారు, బీపీ, షుగర్ లాంటి జీవనశైలి జబ్బులకు కూడా పెన్షన్ ఏమిటంటారు. ఆ చింతతోనే 2023 సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. స్కిజోఫ్రీనియా లాంటివి చేర్చుకునేటప్పుడు పట్టుకోలేని జబ్బులు కాబట్టి కళ్లు మూసుకుని సర్వీసు ఖాతాలో వేయలేమని 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు కూడా అంది. సరే, ఏ కేసుకు ఆ కేసు చూడమనే మేమూ అడుగుతున్నాం. చూశామని నాలుగు వాక్యాలు రాయమంటున్నాం. ఇక దొంగల లెక్క అంటారా, 2023లో పార్లమెంటు ముందుకు వచ్చిన, సర్కారు ఖర్చులు తనిఖీ చేసే కాగ్ నివేదిక చూడండి. రిటైరయ్యే అధికారుల్లో డిజెబిలిటీ పెన్షన్ పొందేవాళ్లు 36 నుంచి 40 శాతం, జవాన్లలో 15 నుంచి 18 శాతం. మంచులో నిలబడేది ఎవరు, కాగితం రాయడం తెలిసింది ఎవరికి? కంచె ఎక్కడ వేయాలో ఆ అంకెలే చెబుతున్నాయి. అయినా కంచె వేసింది బలహీనుడి దారికే.

అయిదేళ్లలో త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారని, అందులో 642 మంది సైన్యంవాళ్లేనని 2022 జులైలో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. చనిపోయినవాళ్ల విషయంలో ‘ఒత్తిడి’ అనే మాట వాడటానికి ఎవరికీ అభ్యంతరం లేదు. బతికి బయటపడి, పెన్షన్ అడిగినవాడి దగ్గరే అది ‘శరీర తత్వం’ అయిపోతుంది.

ఫైళ్ల సంగతి చూస్తే ఒళ్లు మండుతుంది. పెన్షన్ ఉన్నవాళ్ల రికార్డు 50 ఏళ్లు ఉంచుతారు. పెన్షన్ లేనివాళ్లది 25 ఏళ్లకు నాశనం చేస్తారు. ఇప్పుడు లెక్క వేయండి. ‘నానా’ అని రాసి పెన్షన్ ఇవ్వలేదు. 15 ఏళ్ల సర్వీసు నిండలేదు కాబట్టి మామూలు పెన్షనూ లేదు. అందువల్ల అతను పెన్షన్ లేనివాళ్ల జాబితాలో చేరాడు, ఆ కారణంగానే అతని ఫైలు ముందు పోతుంది. 1990ల్లో ఇంటికొచ్చిన సీమ జవాను ఈరోజు తీర్పులు తెలుసుకుని దరఖాస్తు పెడితే, మీ రికార్డు మా దగ్గర లేదనే జవాబు వస్తుంది. తప్పుడు నిర్ణయం తీసుకున్నవాడి చేతికే దాని సాక్ష్యం కాల్చేసే అధికారం ఇచ్చాం. బోర్డు కాగితాలున్న ఏ ఫైలునూ, పెన్షన్ ఇచ్చినా ఇవ్వకున్నా, 50 ఏళ్లలోపు ముట్టుకోకూడదు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

సీమకు ఇది ఎక్కువ ఎందుకు తగులుతుందంటే, ఇక్కడ సైన్యంలో చేరడం దేశభక్తి ఒక్కటే కాదు. వేరుశనగ దెబ్బతిన్న ఏడు ఇంటికి మిగిలే పంట కొడుకు జీతం. 2022 నుంచి ఆ పంట కూడా కౌలు లెక్కకొచ్చింది. అగ్నిపథ్ పథకం కింద అగ్నివీరుడిగా పదిహేడున్నర ఏళ్లు నిండాక, ఇరవై ప్రాంతంలోనే చేరతాడు, నాలుగేళ్లకు నలుగురిలో ముగ్గురు వెనక్కి. సర్వీసు వల్ల వైకల్యం వస్తే దాని శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షల చొప్పున ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. మాజీ సైనికుడి హోదా లేదు, మాజీ సైనికులకుండే ఈసీహెచ్‌ఎస్ పథకం వైద్యమూ లేదు. తీవ్రమైన మనసు జబ్బులు తొంగిచూసే వయసు సరిగ్గా అదే. ఇంటికొచ్చిన ఐదో ఏట వాడికి నిద్ర పట్టడం మానేస్తే ఏ ఆస్పత్రి చూస్తుంది, ఏ బోర్డు వింటుంది? నాలుగేళ్ల కౌలుదారుడికి భూమి జబ్బుతో పనేమిటని అడిగినట్టుంది వ్యవహారం.

ఈలోగా ఇళ్లలో కూర్చున్నవాళ్లకు ఒక్క మాట. ‘నానా’ చూసి ఊరుకోవద్దు. మొదటి అప్పీలు ఆరు నెలల్లో వేయాలి. ఆ తర్వాత రెండో అప్పీలు, ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్. చెన్నై బెంచి కడప నుంచి ఒక్క రాత్రి రైలు దూరం. ఏళ్లు దాటిపోయినా దారి మూసుకుపోదు కానీ, సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ తీర్పు తర్వాత పాత బకాయిని చాలా కేసుల్లో మూడేళ్లకే కుదించారు. ఆలస్యం చేసిన ప్రతి ఏడూ జేబులోంచి పోతున్నట్టే. గెలిస్తే 20 శాతం వైకల్యాన్ని 50గా లెక్కకడతారు, 2014 నాటి సుప్రీంకోర్టు రామ్ అవతార్ తీర్పు ఆ మేలు చాలామందికి విస్తరించింది. అన్నిటికన్నా ముందు బోర్డు కాగితాల నకలు తెప్పించుకోండి.

టీ బంకు దగ్గరి ఆ నాయక్‌తో పోయిన నెల ఆ పనే చేయించాను. ఇంట్లో నల్ల ట్రంకు పెట్టె తీస్తే డిశ్చార్జి బుక్కు ఉంది, ఒక మెడల్ ఉంది, ఆ ఒక్క పేజీ తప్ప బోర్డు కాగితాలు లేవు. సమాచార హక్కు దరఖాస్తు నేను రాశాను. సంతకం పెట్టమని పెన్ను ఇస్తే, ఆయన ముందు సైన్యంలో ఇచ్చిన నంబరు రాశాడు, తర్వాత ర్యాంకు రాశాడు, కాసేపు ఆగి పేరు రాశాడు.