‘కూడితే అనంతం వచ్చే సిద్ధాంతం’ అన్న ఫార్వర్డ్‌కి జవాబు

మా మద్దిలపాలెం ట్యూషన్‌కి వచ్చే ఎమ్మెస్సీ కుర్రాడొకడు మొన్న ఫోన్ నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇది చూశాక ఫీల్డ్ థియరీ చదవబుద్ధి కావట్లేదండీ" అన్నాడు. గ్రూపుల్లో బాగా తిరుగుతున్న ఫార్వర్డే. అందులో ఉన్నవి మూడు ముక్కలు. ఒకటి, క్వాంటం ఫీల్డ్ థియరీలో (కణాలని ఫీల్డుల్లో అలజడులుగా చూసే సిద్ధాంతం) టర్ములు కూడుతూ పోతే జవాబు అనంతానికి పోతుంది, కాబట్టి సిద్ధాంతమే తప్పు. రెండు, రీనార్మలైజేషన్ అంటే అనంతంలోంచి అనంతం తీసేసి నచ్చిన సంఖ్య రాసుకోవడం. మూడు, స్కేలార్ ఫీల్డ్ (ప్రతి బిందువు దగ్గరా దిశ లేని ఒక్క సంఖ్యే ఉండే ఫీల్డ్) పుస్తకాల్లో తప్ప ప్రకృతిలో లేదు.

మూడోది ముందు తేల్చేద్దాం, పెద్ద పని లేదు. 2012లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో దొరికిన హిగ్స్ కణం స్కేలారే. స్పిన్ సున్నా (స్కేలార్ కణానికి గుర్తు అదే), ద్రవ్యరాశి సుమారు 125 జీఈవీ (కణాల ద్రవ్యరాశి చెప్పే యూనిట్). రాసినాయన 2011లోనే పేపర్ చదవడం మానేసినట్టున్నారు.

మొదటిది అంత తేలిక కాదు, అందులో సగం నిజముంది. పర్టర్బేషన్ సిరీస్ (ఇంటరాక్షన్ బలం ఘాతాలుగా విడదీసి ఒక్కో టర్మూ కూడే వరస) నిజంగానే డైవర్జ్ అవుతుంది, అంటే ఒక సంఖ్య దగ్గర నిలవదు. కాంతి, ఎలక్ట్రాన్ల సిద్ధాంతమైన క్వాంటం ఎలక్ట్రోడైనమిక్స్ విషయంలో ఎందుకలా అవుతుందో 1952లోనే భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ వాదించాడు. మరి "కాబట్టి తప్పు" అన్నది ఎక్కణ్ణించి వచ్చింది? కుర్రాడి చేతే లెక్క చేయించాను.

ఫై-ఫోర్ థియరీని (ఫీల్డ్ తనతో తనే నాలుగో ఘాతంలో ఇంటరాక్ట్ అయ్యే సరళమైన స్కేలార్ సిద్ధాంతం, ఆ బలమే లాంబ్డా) ఒకే బిందువుకి కుదిస్తే ఒక మామూలు ఇంటిగ్రల్ మిగులుతుంది: ఈ పవర్ మైనస్ (ఎక్స్ స్క్వేర్ బై 2 ప్లస్ లాంబ్డా ఎక్స్ పవర్ 4 బై 24), ఎక్స్ మైనస్ అనంతం నుంచి ప్లస్ అనంతం దాకా, మొత్తాన్ని రూట్ 2పైతో భాగించాలి. లాంబ్డా 1 పెట్టి నేరుగా కంప్యూటర్‌లో వేస్తే 0.919. ఎక్కడా అనంతం లేదు. అదే ఇంటిగ్రల్‌ని లాంబ్డా ఘాతాలుగా విడదీసి కూడితే వరసగా 0.875, 0.966, 0.841, 1.095, 0.410, ఆ తర్వాత 2.708! వాడు నోరు తెరిచాడు. లాంబ్డాకి మైనస్ పెడితే ఈ ఇంటిగ్రల్ పేలిపోతుంది. పవర్ సిరీస్ సున్నాకి రెండు పక్కలా ఒకే దూరం దాకా పనిచేస్తుంది, కాబట్టి ఆ పక్క పేలితే ఈ పక్క కన్వర్జ్ అయ్యే (ఒక సంఖ్య దగ్గర నిలిచే) వీల్లేదు. డైసన్ వాదన కూడా ఈ తరహాదే. అంటే జవాబు ఉంది, విడదీసిన పద్ధతే ఒక హద్దు దాకా పనికొస్తుంది. లాంబ్డా 0.1 అయితే నాలుగైదు టర్ములకే 0.9883 వచ్చి కూర్చుంటుంది, అక్కడ ఆపేయాలి.

ఆపడం ఇష్టం లేకపోతే వేరే దారులున్నాయి. అవే కోఎఫిషియంట్లని బోరెల్ పద్ధతిలో (ఒక్కో దాన్నీ ఫ్యాక్టోరియల్‌తో భాగించి కూడి, తర్వాత ఇంటిగ్రల్‌తో వెనక్కి తెచ్చే ఉపాయం) కూడొచ్చు. లాటిస్ మీద (స్థలాన్ని చుక్కల గడిగా మార్చి) మాంటే కార్లో (యాదృచ్ఛిక నమూనాలతో కంప్యూటర్ లెక్క) చేస్తే అసలు సిరీసే అక్కర్లేదు. ద్రవం, ఆవిరి తేడా చెరిగిపోయే క్రిటికల్ పాయింట్ దగ్గర (నీటికది సుమారు 374 డిగ్రీలు) కూడా ఫై-ఫోర్ థియరీయే పనిచేస్తుంది. అక్కడ కోరిలేషన్ దూరం (ఒక చోటి హెచ్చుతగ్గుల ప్రభావం చేరే దూరం) ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘాతం చూడండి. 1972లో భౌతిక శాస్త్రవేత్తలు విల్సన్, ఫిషర్ చూపిన ఎప్సిలాన్ దారిలో (డైమెన్షన్లని 4 మైనస్ ఎప్సిలాన్ అనుకుని ఎప్సిలాన్ ఘాతాలుగా విడదీసి, చివర్లో ఎప్సిలాన్ 1 పెట్టడం) అది 0.5 నుంచి 0.583కి, తర్వాత 0.627కి వస్తుంది. ఆ పైన సిరీస్ మళ్ళీ వంకర పోతుంది, బోరెల్‌తో సరిచేయాలి. లాటిస్ జవాబు 0.630. నచ్చిన సంఖ్య రాసుకునేవాళ్ళు ఇన్ని దారుల్లో వెళ్ళి ఒకే చోట ఎలా తేలతారు?

ఇక రెండోది. ఆర్కే బీచ్‌లో బంతిని నీళ్ళలో ముంచి పక్కకి తోసి చూడండి. బంతితో పాటు నీళ్ళూ కదలాలి, కాబట్టి చేతికి తెలిసే జడత్వం బంతి ఒక్కదానిదే కాదు. గుండ్రటి బంతికైతే అది తొలగించిన నీటి ద్రవ్యరాశిలో సగం అదనంగా కలుస్తుంది. బంతిని ఒడ్డుకి తెచ్చి తూచొచ్చు. కణాన్ని దాని ఫీల్డ్ లోంచి బయటికి తేలేం, కొలిచేది ఎప్పుడూ కలిసిన ద్రవ్యరాశినే. రీనార్మలైజేషన్ అంటే లెక్కని ఆ కొలిచిన విలువల్లో రాయడం. సిద్ధాంతాన్ని సున్నా దూరం దాకా నమ్మినందుకే అనంతం వచ్చింది. ఇంతకన్నా చిన్న దూరాలు చూడం అని ముందొక హద్దు పెట్టి, జవాబుని కొలిచిన ద్రవ్యరాశిలో రాశాక ఆ హద్దుని ఎంత దూరం నెట్టినా జవాబు చెదరకూడదు. ఇందులో నచ్చిన సంఖ్యకి చోటెక్కడ?

ఫై-ఫోర్‌ని విమర్శించాలంటే అసలు చోటు వేరే ఉంది. నాలుగు డైమెన్షన్లలో లాటిస్ ఎడాన్ని సున్నాకి తీసుకెళితే ఇంటరాక్షనే మిగలదని 2021లో గణితవేత్తలు ఐజెన్‌మన్, డ్యూమినిల్-కోపాన్ నిరూపించారు. ఫార్వర్డ్‌లో దాని ఊసే లేదు.